దూది ఇంట్లో కంప్యూటర్

మా ఇంట్లో కింద దూది ఏకుతారు, పైన మనుషులుంటారు. ఛత్రినాకలో పరుపులు, బొంతలు కావాలంటే మా దుకాణం పేరే చెబుతారు. దుకాణం బావది, అంటే మా ఆయన అన్నది. చాకిరీ మాత్రం అన్నదమ్ములిద్దరిదీ. మెట్లెక్కితే ఎడమ చేతి గది వాళ్లది, కుడి చేతి గది మాది, నడుమ వంటిల్లు ఒక్కటే. బావ భార్య, అంటే నా యారాలు, నేనూ పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆ ఒక్క పొయ్యి మీదే వండాం. ప్రేమ ఉండి కాదు. పొయ్యి ఒక్కటే ఉండి.

మా బిడ్డ డిగ్రీలో చేరిన ఏడు ఆ ఇంట్లోకి కంప్యూటర్ వచ్చింది. ఒకేసారి రాలేదు, ముక్కలుగా వచ్చింది. పక్క గల్లీ పిల్లలకు లెక్కలు చెప్పి, వచ్చిన డబ్బులు పట్టుకుని సికింద్రాబాద్ పోయేది. ఒకసారి ఖాళీ డబ్బా తెచ్చింది, దానికి ఒక పక్క అద్దం తలుపు. ఇంకోసారి సన్న గీతలు గీసిన నల్ల పలక తెచ్చింది. ఇంకోసారి గోరంత చిప్పు తెచ్చి, పసిపిల్లను చూపినట్టు చూపించింది. అన్నీ చేరాక ఒక ఆదివారం మంచం మీద దుప్పటి పరిచి కూర్చుంది. ఏ ముక్క ముట్టుకునే ముందైనా ఇనుప బీరువాను ఒకసారి ముట్టుకునేది. ఒంట్లో ఉండే కరెంటు తగిలితే ఆ పలక చచ్చిపోతుందట. చిప్పు మీద బూడిద రంగు లేపనం చుక్క పెట్టి, పైన వేడి లాగే ఇనుప రెక్కల దిమ్మె బిగించింది. ఎక్కువ రాయకూడదట, తక్కువా రాయకూడదట. తమలపాకుకు సున్నం రాసినట్టే ఉంది ఆ పని.

యారాలు గడపలో నిలబడి చూసింది.

"ఏందే, ఆటో ఇంజన్ దించినవా మంచం మీద?"

"కంప్యూటర్ పెద్దమ్మా. ఆటలకు."

"ఆటలకా! పెండ్లీడు పిల్ల, ఆటలకు మిషన్ కట్టుకుంటున్నది. మంచిగున్నది. రేపు గోలీలు గూడ కొనియ్యిమను మీ అమ్మను."

"గోలీలు మీ కొడుకు ఆడిండు గద అక్కా, ఇరవై ఏండ్లు వచ్చేదాక," అన్నాను నేను. ఆ రోజు పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. ఎవరు వేశారో నాకు తెలుసు.

ఆట సంగతి కొంత చెప్పాలి. మా బిడ్డ ఒక్కతే ఆడదు. ఏ ఊళ్లలోనో ఉండే పిల్లలు ఒక జట్టు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మాట్లాడుకుంటూ వేరే జట్టుతో ఆడతారు. అందులో మా బిడ్డ మంచి చెయ్యి అని వాళ్లే పిలిచి చేర్చుకున్నారు. బయట ఎక్కడికీ పోని పిల్లను ఎవరో ముక్కూమొహం చూడకుండానే చేతి పనితనం చూసి పిలిచారంటే, నాకు ఎంత గొప్పగా అనిపించిందో ఆ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పినా వినే చెవులు లేవు.

కొత్తలో అంతా బాగుంది. తర్వాత బొమ్మలు నడిపే కార్డు చిన్నదైందని, ఎవరో వాడిన పెద్ద కార్డు కొని తెచ్చింది. రుబ్బురోలు పొత్రమంత బరువు. అది పెట్టినప్పటి నుంచి డబ్బా లోపల పొయ్యి రాజుకున్నట్టే. పంకాలు కూడా ఇంకో రెండు బిగించింది. ముందు నుంచి గాలి లాగి వెనక నుంచి వదులుతాయి. తెర మూలన ఒక అంకె ఉండేది, అది వేడి.

"అది తొంబై దాటిందనుకో, మిషన్ దానంతట అదే బందయితది అమ్మా. కాలిపోకుండ."

"మరి దాటనియ్యకు."

"నా చేతుల ఉన్నదా? కింద పెద్దబాపు చేతుల ఉన్నది."

నిజమే. కింద ఏకే మిషన్ తిరిగినంతసేపూ దూది నూగు మెట్ల మీదుగా పైకి లేస్తుంది. మాకు అలవాటు. అన్నం మీద, జుట్టు మీద, కనురెప్పల మీద ఉంటుంది. ఆ పంకాలు ఆ నూగును ముక్కుతో పీల్చినట్టు పీల్చేవి. వారానికోసారి బిడ్డ అద్దం తలుపు తీసి, రంగులు వేసే కుంచెతో దులిపితే, ఇనుప రెక్కల నడుమ నుంచి దూది పొరలు పొరలుగా ఊడి వచ్చేది. చంటిపిల్లకు దిండు కుట్టేంత. కిటికీ, తలుపు మూద్దామంటే పైన రేకుల కప్పు. ఎండాకాలం ఆ గది మూస్తే మనుషులే బందవుతారు.

మా ఆయన అన్న దగ్గర నోరెత్తే మనిషి కాదు. అయినా ఒకసారి, మెట్ల మొదట్లో ఒక పరదా కడదామన్నాడు. బావ నాకు వినబడాలనే గట్టిగా జవాబిచ్చాడు. ఆయన నాతో నేరుగా మాట్లాడడు. తమ్ముడి భార్యతో బావ మాట్లాడకూడదు, బావ ముందు ఆమె కూర్చోకూడదు. మా ఇంట్లో అది ఇంకా నడుస్తోంది. అందుకని నన్ను తిట్టాలన్నా ఎవరో ఒకరిని నడుమ నిలబెట్టి తిడతాడు.

"చెప్పు మీ ఇంట్లోళ్లకు. పరదా కడితే కింద మాకు ఊపిరెట్ల ఆడాలె? నూగు మా ముక్కులల్ల పోతలేదా? మేం తడిగుడ్డ కట్టుకుంటలేమా? ఆ డబ్బాకు గూడ కట్టుమను గుడ్డ. దానికేమన్న మాకంటె ఎక్కువ మర్యాదనా?"

ఏకేటప్పుడు ముక్కుకు తడిగుడ్డ కట్టుకోవడం మా పనిలో మొదటి పాఠం. ఆయన వెటకారానికే అన్నాడు. యారాలు మాత్రం ఆ మాటను దాచుకుంది.

ఆమెకు ఆ పంకాల హోరు పడదు. మధ్యాహ్నం పడుకుంటే గోడ అవతల గిర్రుమంటోందని రోజూ లొల్లి. ఒక రోజు బిడ్డ కాలేజీకి పోతూ, ఏదో డౌన్‌లోడ్ అవుతోందని మిషన్ నడుస్తుండగానే వదిలిపోయింది. నేను కూరగాయలకు గుడిమల్కాపూర్ పోయాను. సాయంత్రం బిడ్డ వచ్చి ఆటకు కూర్చుంది. సగంలో తెర నల్లగా అయిపోయింది. మళ్లీ వేసింది, మళ్లీ పోయింది. జట్టు ఓడింది. చెవుల్లో పెట్టుకున్నవి తీసి బల్ల మీద పెట్టింది.

"ఏమన్నరు?"

"ఇంకొక్కసారి నడుమల బందయితే వేరేటోళ్లను తీసుకుంటరంట. శనివారం పెద్ద ఆట ఉన్నది. అదే ఆఖరి ఛాన్స్ అన్నరు."

వంగి డబ్బా ముందు భాగం చూసింది. గాలి లాగే జాలీ మీద పల్చటి మల్లు గుడ్డ, రెండు మడతలు, పరుపుల దారంతో డబ్బా చుట్టూ బిగించి కట్టి ఉంది. తడిపి కట్టిన గుడ్డ మీద నూగు పేరుకుని, ఎండి, అట్టలాగా అయింది. ఆ ముడి మా దుకాణం ముడి. పరుపు అంచుకు వేసేది. లాగితే రాదు, కోయాల్సిందే.

కత్తెరతో కోసి, ఆ అట్ట పట్టుకుని నేను వంటింట్లోకి పోయాను. యారాలు రొట్టె కాలుస్తోంది.

"ఇది నువ్వే కట్టినవా అక్కా?"

"నేనే. నూగు పోవద్దంటిరి గద. దాని మంచికే కట్టిన."

"దాని ముక్కు మూసి దాని మంచంటవా?"

"చప్పుడు గూడ జర తగ్గింది. మంచిగ పండుకున్న." రొట్టె తిప్పింది. "ఏమయింది ఇప్పుడు? సచ్చిందా? సస్తే చెప్పు, పీనుగకు దూది మనింట్లనే ఉన్నది."

ఆ మాటకు నా చేయి లేచింది. కొట్టలేదు. ఆ అట్టను ఆమె పిండి పళ్లెంలో పడేసి వచ్చాను. ఆ పూట మా గదిలో ఎవరూ రొట్టె తినలేదు. వాళ్ల గదిలోనూ తినలేదు.

శనివారం వచ్చింది. పొద్దున్నే బిడ్డ లోపలంతా దులిపి, పాత లేపనం తుడిచి కొత్తది రాసింది. అయినా ఆ పెద్ద కార్డు వేడికి అది చాలదని, అద్దం తలుపు పూర్తిగా తీసేసి, బల్ల పంకా తెచ్చి లోపలికి గాలి కొట్టేటట్టు పెట్టింది. అప్పుడు అంకె దిగింది. కానీ తలుపు తీస్తే డబ్బా పొట్ట తెరిచినట్టే. కింద మిషన్ తిరిగిందంటే నూగంతా నేరుగా పంకాల్లోకే పోతుంది. ఆట అయ్యేదాకా ఏకడం ఆపితే చాలు.

మా ఆయన ఆ మాట అడిగాడు. బావ తల ఎత్తలేదు. "పత్తర్‌గట్టి బట్టల సేటు ఇంట్ల నికాహ్ ఉన్నది. పరుపులు ఇయ్యాల ఇయ్యాలె. ఆట కోసం మన మిషన్ బంద్ జేసి, కిరాయికి ఇంకోటి తెచ్చుకుందామా?" అని, తయారైన పరుపులను ట్రాలీలో వేయించి మా ఆయన్నే పత్తర్‌గట్టికి తోలాడు. ఇంట్లో నా తరఫున మాట్లాడే ఆ ఒక్క నోరూ లేకుండా చేశాడు.

పైన బిడ్డ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. కింద మిషన్ ఆగింది. కొత్త మూట విప్పుతున్నట్టున్నాడు. మళ్లీ వేసేలోపు నేను మెట్లు దిగి, కొంగు తల మీదికి లాక్కుని, దూది పరిచి మిషన్ లోపలికి తోసే చెక్క మీద కూర్చున్నాను. బావ ఎదురుగా. ఆ ఇంటికి వచ్చాక మొదటిసారి.

బావ మూట వదిలేశాడు. నా వైపు చూడలేడు, లే అని నాతో అనలేడు, చేయి పట్టి లాగలేడు. గోడతో మాట్లాడాడు.

"ఏంది ఇది? ఎవరన్న చెప్పండ్రి, లేవమనుండ్రి!"

దుకాణంలో ఎవరూ లేరు. నేను నేల చూస్తూ కూర్చున్నాను. ఆయన మెట్ల దగ్గరికి పోయి భార్యను పిలిచాడు. అంతలోనే సేటు ఇంటి పెద్దమనిషి ఒకాయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"క్యా భాయ్, మిషన్ బంద్? పర్సోఁ నికాహ్ హై. గద్దే కిధర్ హై?" ఎల్లుండి పెళ్లి, పరుపులేవని ఆయన గొడవ.

"హోతే, హోతే," అన్నాడు బావ, అవుతాయన్నట్టు. ఎందుకు ఆగిందో చెప్పాలంటే నన్ను చూపించాలి. చూపించలేక చెమట తుడుచుకున్నాడు. "గాడీమే నికలే కొన్ని. బాకీ అభీ..."

ఆయన నన్నూ చూశాడు, మిషన్‌నూ చూశాడు. "తబియత్ ఖరాబ్ హై క్యా అమ్మాకీ?" అంటూ నాకు ఒంట్లో బాగాలేదా అని అడిగి వెళ్లిపోయాడు.

యారాలు వచ్చింది. రాగానే నా భుజం పట్టి లాగింది.

"లే! సిగ్గు లేదా? బావ ముందట కాళ్లు సాపుకొని కూసుంటవా?"

"సాపలేదక్కా. మడుసుకున్న. చూడు."

"ఇజ్జత్ తీస్తున్నవ్ ఇంటిది!"

"డబ్బా ముక్కు మూసినప్పుడు ఎటు పోయింది ఇజ్జత్?"

ఆమె లాగింది, నేను చెక్క అంచు పట్టుకున్నాను. ఆమెకు మోకాళ్ల నొప్పులు, నాకు పట్టుదల. బావ అటు తిరిగి నిలబడి, "వదిలెయ్, వదిలెయ్, గల్లీల మనుషులు చూస్తున్నరు," అన్నాడు. ఆమె వదిలేసి, మొదట నన్ను తిట్టింది, తర్వాత మా అమ్మను తిట్టింది, తర్వాత నన్ను ఈ ఇంటికి తెచ్చిన పెళ్లిళ్ల పేరయ్యను తిట్టింది. ఆయన చనిపోయి చాలా ఏళ్లయింది. నేను మాత్రం పైన చెక్క కుర్చీ కదిలిన చప్పుడు, బిడ్డ ఎవరినో "ఎడమకు రా, ఎడమకు!" అని అరవడం వింటూ ఉన్నాను. ఆ గొంతు ఆగలేదంటే మిషన్ ఆగలేదు.

చివరికి బిడ్డ మెట్ల మీదికి వచ్చింది. చెవుల మీద ఎర్రగా గుర్తులు.

"అయిపోయింది అమ్మా. ఓడిపోయినం. కానీ బంద్ కాలే. నన్ను ఉండమన్నరు."

నేను లేచాను. చీర దులుపుకునేలోపే బావ మీట వేశాడు. నూగంతా నా మొహాన కొట్టింది. కావాలనే వేశాడు. బిడ్డ పైకి ఉరికి అద్దం తలుపు బిగించింది.

సాయంత్రం యారాలు వంటింట్లోంచి తన గిన్నెలు ఏరుకుంది. కొత్త పొయ్యి తెప్పించుకుంటోందట, వాళ్ల గదిలోనే పెట్టుకుంటుందట. బియ్యం డ్రమ్ము గడప దాకా ఈడ్చి, ఊపిరి తీసుకోవడానికి ఆగింది.

"గెలిసిందా నీ బిడ్డ?"

"లేదు. ఓడింది."

"మరెందుకే ఇంత లొల్లి?"

"మిషన్ నడిచింది గద."

ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, మళ్లీ వంగి డ్రమ్ము పట్టుకుంది. గడప దాటాలంటే ఇంకో చేయి కావాలి. అడగలేదు. నేనూ పీట మీంచి లేవలేదు.