యూసుఫ్ చాచా నేర్చుకున్న లెక్కలు

కాలేజీ క్యాంటీన్‌లో టీ గ్లాసు ఎత్తినప్పుడల్లా బల్ల మీద తడి వలయం మిగులుతుంది. అల్లం వాసన ముక్కులో ఉండగానే నా వేలు ఆ వలయం మధ్య ఒక అడ్డగీత గీస్తుంది. గోదావరిఖనిలో మా పక్క క్వార్టరు యూసుఫ్ చాచా గుర్తుకొస్తాడు.

చాచా బొగ్గుబావిలోకి దిగేవాళ్లకు టోపీ దీపాలు అందించే గదిలో పనిచేసేవాడు. చదివింది పదో తరగతి. ఆయన కూతురు నసీమ్, నేను ఇంటర్‌లో ఒకే బెంచీ. మొదటి ఏడాది మధ్యలో నసీమ్ కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్ కోసం కరీంనగర్ వెళ్లాల్సి వచ్చేది. పాఠాలు పోతున్నాయని అది ఏడిస్తే, చాచా దాని లెక్కల పుస్తకం పట్టుకుని మంచం పక్కన స్టూలు మీద కూర్చుని తనే నేర్చుకోవడం మొదలుపెట్టాడు. అర్థం కానివి మా లెక్కల సారును అడిగి రాసుకొచ్చి బిడ్డకు చెప్పేవాడు. ఇద్దరూ త్రికోణమితి సమీకరణాల దాకా వచ్చారు. పరీక్షలకు నెల ముందు నసీమ్ పోయింది.

ఆ ఏడు నేను లెక్కల్లో తప్పాను. ఇక చదువు చాలని, బట్టల దుకాణంలో పనికి పెడతానని నాన్న గట్టిగా అరిచాడు. మొదటి షిఫ్టు దిగి వచ్చిన చాచాకు గోడ అవతల ఆ మాటలు వినపడ్డాయి. స్నానమైనా చెయ్యకుండా మా గుమ్మం ముందుకొచ్చాడు.

"మళ్ల పరీక్ష దాక ఆగన్నా. రజితకు నేను చెప్త."

"నీకేమొస్తది భాయ్?"

"నసీమ్ కోసం నేర్చుకున్న. ఇప్పుడు ఎవలకు చెప్పాలె?"

నాన్న లోపలికెళ్లి నా లెక్కల పుస్తకం తెచ్చి చాచా చేతిలో పెట్టాడు.

రోజూ సాయంత్రం వాళ్ల వరండాలో పాఠం. చాచా టీ గ్లాసును కాగితం మీద బోర్లించి చుట్టూ పెన్సిలు తిప్పేవాడు.

"నడిమి నుంచి అంచు దాక ఒకటి అనుకో బిడ్డా. సైన్ అంటే నడిమి నుంచి పైకి ఎత్తు. సైన్ సగం అన్నడు. సగం ఎత్తుల అడ్డగీత గియ్యి. ఎన్ని జాగల తాకింది?"

"రెండు, చాచా."

"కుడిదిక్కు ముప్పై, ఎడమదిక్కు నూట యాభై. నువ్వు ముప్పై రాసి లేచినవ్. అందుకే మార్కులు పోయినయి."

కొసైన్ అయితే నిలువుగీత. రెండు వారాల్లో నాకు చెయ్యి తిరిగింది. ఒకరోజు సైన్ విలువ రెండు అన్న లెక్క వచ్చింది. నేను గీసిన గీత వృత్తానికి ఎంతో పైనుంచి పోయింది, ఎక్కడా తాకలేదు. చాచా ఆ గీత వెంట వేలు పోనిచ్చాడు.

"జవాబు లేదని రాయి," అన్నాడు మెల్లగా. "గట్ల రాసినా మార్కులిస్తరు."

వంటింట్లో చాచీ గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

నేను పాసయ్యాను. మిఠాయి పట్టుకుని ఒకసారి వెళ్లాను, అంతే. నసీమ్ బట్టలు ఇంకా దండెం మీదే ఉన్న ఆ ఇంట్లో నా సంతోషం నాకే తప్పుగా తోచింది. "రెండో ఏడు పుస్తకం తెచ్చిన, మొదలువెడదామా బిడ్డా?" అని చాచా గోడ మీంచి రెండుసార్లు అడిగాడు. పని ఉందన్నాను. మూడోసారి అడగలేదు.

ఆయన గుండెపోటుతో పోయాడని తెలిసేసరికి నేను హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతున్నాను. పలకరించడానికి వెళితే చాచీ ఒక నోటుబుక్కు చేతిలో పెట్టింది.

"నువ్వొస్తవని రాసిపెట్టిండు."

రెండో ఏడాది మొదటి పాఠం, సంకీర్ణ సంఖ్యలు. ఒక్కో లెక్క ఒక్కో పేజీలో. పదకొండో లెక్క సగంలో ఆగిపోయింది. పక్కన పెన్సిలుతో రాసి ఉంది: "రజితను అడగాలె."

అక్కడే కూర్చుని చేశాను. మూడో వరుసలో ఒక గుర్తు తారుమారైంది, అంతే. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు నేను ఆయనకు ఇవ్వలేదు.