మునేటి ఒడ్డున మొదటి పొయ్యి

1961 మార్చి పన్నెండు, ఆదివారం, ఉదయం పది గంటలు. ఆకు కదలని ఎండ. పెనుగంచిప్రోలుకు ఎగువన, మునేటి ఒడ్డున అడవి కొట్టుకుని వెలసిన కొత్తపల్లెలో ఆనాడు చర్చికి శంకుస్థాపన. ఊళ్ళో మొదట పొయ్యి రాజేసినవారే రాయి వేయాలని సంఘపెద్దలు నిర్ణయించారు. ఆ గౌరవం తనదేనన్న ధీమాతో ఏలీయా ఉతికిన కండువా సవరించుకుని, అలవాటుగా ఎడమచేత్తో మీసం దువ్వుతూ, తానొక్కడే అడవి నరికిన వైనమూ, చిరుతను తరిమిన వైనమూ ఎత్తుకున్నాడు. దారిన పోయే ప్రతి బండివాడికీ వినిపించిన కథే అది. చెప్పినకొద్దీ చిరుత మూరెడు పెరుగుతూ వచ్చింది.

"దాని మొహాన కొరివి విసిరిందెవరయ్యా?" అంది భార్య సౌభాగ్యమ్మ. "నువ్వు తుమ్మచెట్టెక్కావు. వారం రోజులు నీ ఒంట్లో ముళ్ళు తీసింది నేనేగా!"

పాస్టరుగారు నవ్వాపుకుంటూ, "ఆ కొరివి ఏ పొయ్యిలోదమ్మా?" అని అడిగారు.

"నేను రాజేసిన పొయ్యేనండి. ఈయనకి గంజి కాయొద్దూ?"

మీసం మీది చెయ్యి దిగింది. "ఇంకో చిరుత వస్తందేమో చూద్దామనే ఎక్కా," అని ఏలీయా గొణిగాడు.

రాయి సౌభాగ్యమ్మ వేసింది. సున్నం తట్ట ఏలీయా అందించాడు. అతడు 1967లో జ్వరంతో కన్నుమూశాడు. ఆ తరువాత ఎవరడిగినా సౌభాగ్యమ్మ ఆ కథను అతడు చెప్పినట్టే చెప్పేది. చెట్టు ఊసు ఎత్తేది కాదు.