పది మందిలో ఒక్క ముఖం

సింగపూర్‌లోని పాయా లేబర్‌లో నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇతరుల తప్పులు పట్టుకుని జీతం తీసుకుంటాను. నా తప్పులు పట్టే పని మా పదేళ్ళ అమ్మాయి జీతం లేకుండా చేస్తుంది.

మా ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకున్న నైజీరియా అమ్మాయి డిప్లొమా చదువుతూ ఇక్కడి ఒక క్లబ్‌కు బాస్కెట్‌బాల్ ఆడేది. లాగోస్‌లో స్కూలు వెనక సిమెంటు నేల మీద, అన్న బూట్లలో కాగితాలు కుక్కుకుని ఆట నేర్చుకుందట. ఆ సంగతి నా ఉప్మా తింటూ చెప్పింది, మారు కూడా అడిగింది. ఆమె బుట్టలో బంతి వేయడం చూడకముందే నేను ఆమె బుట్టలో పడ్డాను.

చదువు అయిపోవస్తోంది. దాంతోపాటే ఇక్కడ ఉండనిచ్చే స్టూడెంట్ పాస్ కూడా. అమెరికాలో ఒక కాలేజీ కోచ్ ఆమె చిన్న క్లిప్పులు చూసి, ఎక్కడా కత్తిరించని పూర్తి మ్యాచ్ ఒకటి పంపమన్నాడు. నచ్చితే స్కాలర్‌షిప్. లేకపోతే ఇంటికి ప్రయాణం, ఆటకు సెలవు. సీజన్‌లో మిగిలినవి రెండే మ్యాచ్‌లు.

"ఆంటీ, వీడియో మీరు తీస్తారా?" అంది.

సరేనన్నాను. ఆ క్షణం నుంచి నాకు భయం పట్టుకుంది. ఫోన్‌లో చోటు చాలదేమోనని సొంత పెళ్లిరోజు ఫోటోలు తుడిచేశాను. గంట ముందే వెళ్ళి, పై వరుసలో టిష్యూ ప్యాకెట్ పెట్టి సీటు చోప్ చేసుకున్నాను; ఇక్కడ సీటు ఆపుకోవడాన్ని అలాగే అంటారు. ఆటలో ఎవరో ఆమెను మోచేత్తో పొడిచినా నా చేతిలో ఫోన్ కదల్లేదు. ఆమె ముఖం ఒక్క క్షణం కూడా తెర దాటిపోలేదు.

ఇంటికొచ్చి గర్వంగా చూపించాను. ఆమె ఉప్మా ప్లేటు పక్కన పెట్టి తెర మీదికి వంగింది. ముందుగా అడిగింది మా అమ్మాయి.

"అమ్మా, వేర్ ఈజ్ ద బాస్కెట్?"

"అదిగో, ఇంకాస్త పైన..."

"నా డాన్స్ వీడియో లాగే తీశావ్. ఫేస్ ఓన్లీ."

నిజమే. మా తెలుగువాళ్ళ కార్యక్రమాల్లో వేదిక మీద పన్నెండు మంది పిల్లలు కూచిపూడి ఆడినా, ఎవరి ఫోన్‌లో చూస్తే వాళ్ళ పిల్లదే సోలో. నా చేతికి తెలిసిన వీడియో అదొక్కటే. కోచ్‌కు కావలసింది, బంతి తన దగ్గర లేనప్పుడు ఆమె ఎటు కదులుతుందో. నా వీడియోలో ఆమె చెమట చుక్కలు లెక్కపెట్టవచ్చు. ఆట మాత్రం లేదు.

ఆమె ప్లేటులో ఉప్మా అలాగే ఉంది.

"చివరి మ్యాచ్ ఇంకెవరి చేతనైనా తీయించుకో తల్లీ," అన్నాను.

"ఇంకెవరున్నారు ఆంటీ? నా ఆట చూడ్డానికి వచ్చేది మీరొక్కరే." ఫోన్ నా చేతికి తిరిగిచ్చింది. "జూమ్ మాత్రం వద్దు."

చివరి మ్యాచ్ రోజు మా అమ్మాయి ఫోన్‌ను పై వరుస రెయిలింగ్‌కు బిగించి, "డోంట్ టచ్," అంది. చేతుల మీద కూర్చున్నాను. తెర మీద ఆమె నా గోరంత ఉంది. ఆట ముగియడానికి కాసేపు ముందు ఆమె పడిపోయి, చీలమండ పట్టుకుంది. నా రెండు వేళ్ళు వాటంతటవే తెర మీదికి వెళ్ళాయి.

"అమ్మా."

వేళ్ళు మడిచాను. లేస్తుందో లేవదో తెర మీద తెలియడం లేదు. ఫోన్ వదిలేసి కోర్టు వైపు చూశాను. లేచింది. కుంటుతూనే, మిగిలిన నలుగురికీ ఎక్కడ నిలబడాలో చేత్తో చూపిస్తోంది.

వీడియో ఆ సాయంత్రమే పంపింది. తరువాతి మూడు రోజులూ ఫోన్ మోగితే ఇద్దరం ఉలిక్కిపడ్డాం. నాలుగో రోజు జవాబు వచ్చింది. పడి లేచాక ఆమె జట్టును నిలబెట్టిన తీరు కోచ్ రెండుసార్లు చూశాడట. రమ్మన్నాడు.

ఆమె వంటింటి నేల మీద చతికిలబడింది.

"ఇప్పుడు నిజంగా భయమేస్తోంది ఆంటీ."

నాకూ వేసింది. ఏం చేయాలో తోచక పొయ్యి మీద రవ్వ పెట్టాను. మాడింది. ముగ్గురం ఆ ఉప్మానే తిన్నాం. ఆమె మారు అడిగింది.