రెండు వందల ఎడమ చేతులు

సాకులాయన పుట్టి యాభై నాలుగేళ్ళయినా ఒక్క తప్పు చేసి ఎరగడు. చేసినవన్నీ వస్తువులే. ఆలస్యంగా వస్తే చెప్పు తెగింది. జారి పడితే నేల నునుపు, తట్టుకుని పడితే అదే నేల గరుకు. గ్లాసు పగిలితే గ్లాసుదే తప్పు, అది గాజుతో పుట్టింది కనక.

బడిపిల్లల యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో ఇరవై ఆరేళ్ళుగా ఆయన బట్ట కోసే రెండో కట్టరు. తనతోపాటు చేరినవాళ్ళు సొంత షాపులు పెట్టుకున్నారు, సూపర్‌వైజర్లయ్యారు. ఈయన మాత్రం పాతిన రాయిలా అదే బల్ల దగ్గర. "ఇంకా ఇక్కడే ఉన్నావేమయ్యా?" అని ఎవరైనా అడిగితే, "హెడ్ కట్టర్ కుర్చీ నా నడుముకి పడదు" అనేవాడు.

మొగుడు పోయాక అన్న పంచన చేరిన చెల్లెలు అదే కార్ఖానాలో కాలర్లు కుట్టేది. అన్నకు సాకులున్నట్టే ఆమెకు నోరుంది. "ఆడలేక మద్దెల ఓడన్నాడట. నీకు మద్దెలలు కొనలేక చస్తున్నాం అన్నయ్యా!" అని దులిపేసేది. ఆయన నవ్వి, ఆ నవ్వుకి కూడా పెదాలదే తప్పన్నట్టు తుడుచుకునేవాడు.

పాడైన బట్టలన్నీ చివరికి రెండో కట్టరు బల్ల మీదికే వస్తాయి. ఏం పాడైందో, ఎవరి వల్ల పాడైందో పొరపాట్ల పుస్తకంలో రాయడం అతని పని. ఆ పుస్తకం చదివితే కార్ఖానాలో మనుషులే లేరనిపిస్తుంది. కాలరు కాలింది, ఇస్త్రీ పెట్టె వల్ల. కాజా వంకరపోయింది, సూది వల్ల. జేబు తలకిందులైంది, మబ్బు వల్ల.

"మబ్బు జేబెలా కుట్టిందయ్యా?" అని పాత యజమాని ఒకసారి అడిగాడు.

"వెలుతురుకి అడ్డం వచ్చింది కదండీ" అన్నాడీయన, మబ్బు మీద జాలిపడుతూ.

పాత యజమాని పోయాడు. కూతురు వచ్చి కూర్చుంది. ఆవిడ నవ్వే రకం కాదు. హెడ్ కట్టరు పని మానేసిన వారానికే బట్ట కోసే కొత్త మిషను తెప్పిస్తున్నానని చెప్పింది. మిషను వస్తే రెండో కట్టరుతో పనిలేదు. హెడ్ కట్టరయితే సాకులాయన ఉంటాడు, కాకపోతే ఇంటికి. సోమవారం పిలిచి ఒక్క ప్రశ్నే అడుగుతుందట, ఇన్నేళ్ళూ ఉన్నచోటే ఎందుకున్నావని.

ఆ మాట విన్నప్పటి నుంచి చెల్లెలికి అదే ధ్యాస. దారిలో వాహనాల హారన్లు కూడా 'ఎందుకున్నావ్, ఎందుకున్నావ్' అన్నట్టే వినిపించాయి. అన్నకు మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు.

"అన్నయ్యా, ఆవిడ అడిగితే ఏం చెప్తావ్?"

"ఉన్నదే చెప్తా. ఆ కుర్చీ నా నడుముకి..."

"కుర్చీ ఊసెత్తావంటే బావిలో దూకుతా!"

"ఈ చుట్టుపక్కల బావెక్కడుందే?"

"అదిగో, నా చావుకీ సాకే! ఇదిగో చూడు, 'నా వల్లే' అను. మూడంటే మూడు అక్షరాలు. తప్పులు ఒప్పుకునే మనిషంటే ఆవిడకి గౌరవమట. ఊఁ, అను."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "నా..." అన్నాడు. దగ్గాడు. "టీ గొంతులో అడ్డం పడిందే."

"టీ ఇంకా పొయ్యి మీదే ఉంది!"

ఆదివారం సాయంత్రానికి 'నా వ' దాకా వచ్చాడు. అక్కడితో బండి ఆగిపోయింది.

సోమవారం ఆయన్ని లోపలికి పిలిచారు. చెల్లెలు కాలర్ల కట్ట ఒకటి చంకన పెట్టుకుని, ఎవరికో ఇవ్వాల్సినదానిలా గది బయట నిలబడింది. తలుపు ఓరగా ఉంది. ఆమె చెవి అంతకన్నా ఓరగా ఉంది.

యజమానురాలు పాత పొరపాట్ల పుస్తకం తెరిచింది. "పదకొండేళ్ళ కిందట. రెండు వందల చొక్కా చేతులు కోస్తే అన్నీ ఎడమవే వచ్చాయి. ఎవరి వల్ల అంటే, ఫ్యాను వల్ల అని రాశారు. ఇదేంటండీ?"

బట్ట పొరలు పొరలుగా పరిచి ఒకేసారి కోస్తారు. ఒక పొర మొహం పైకి, ఇంకో పొర మొహం కిందికి పరిస్తేనే సగం కుడి చేతులు, సగం ఎడమ చేతులు వస్తాయి. అన్నీ ఒకే వైపు పరిస్తే ఇంతే సంగతులు.

"గాలికి బట్ట తిరగబడిందండీ."

"ఒక పొర తిరగబడిందంటే నమ్ముతా. వంద పొరలు, ఒకటి విడిచి ఒకటి, లెక్కపెట్టినట్టు తిరగబడ్డాయా? ఆ ఫ్యానుకి చేతులున్నాయా?"

"పాత ఫ్యానండీ. అనుభవం ఎక్కువ."

బయట చెల్లెలి చంకలోంచి కాలర్లు జారాయి. ఆ రోజు బట్ట పరిచిన చేతులు ఆమెవి. మొగుడు పోయి రెండు నెలలు, బట్ట పరిచే పనిలో చేరి మూడు వారాలు. కళ్ళ ముందు బట్ట ఉంది కానీ చూపు ఇంకెక్కడో ఉంది. ఫ్యాను వల్ల అని అన్న రాస్తే హమ్మయ్య అనుకుంది. తర్వాత పని నేర్చాక ఏ ఫ్యానూ అలా చేయలేదని తెలియకపోతుందా? తెలుస్తుందన్న భయంతోనే ఆలోచించలేదు. పైగా ఆ ఫ్యాను పీకించేశారు కనక, కటింగ్ గదిలో చెమటలు పట్టినప్పుడల్లా అందరితో కలిసి తానూ అన్నను తిట్టింది.

తలుపు తోసుకుని వెళ్ళింది.

"అమ్మగారూ, ఆ ఫ్యాను నేనే."

"ఏంటీ?"

"బట్ట పరిచింది నేనండీ. అన్నీ ఒకే వైపు పరిచా. నా వల్లే." ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! మూడు రోజులు అన్నకు నేర్పి నేర్పి తనకే వచ్చినట్టుంది.

"దీని మాట పట్టించుకోకండి, ఎండకి తల తిరుగుతోంది" అన్నాడు సాకులాయన.

"నువ్వూరుకో. ఎండ మీద పెట్టకు."

యజమానురాలు పుస్తకం వెనక్కీ ముందుకీ తిప్పింది. "అయితే ఈ ఇస్త్రీ పెట్టె ఎవరు? ఈ సూది ఎవరు? మబ్బు?"

సాకులాయన చెయ్యి చాచి పుస్తకం మూయబోయాడు. "అవి అడగొద్దమ్మా. నాన్నగారికి కోపం జాస్తి. పేరు కనిపిస్తే మర్నాటి నుంచి రావద్దనేవారు. మొత్తం పదిహేడు మంది, అందరూ పిల్లలుగలవాళ్ళు" అన్నాడు. అంటే ఒక్కొక్కరినీ గుర్తుపెట్టుకున్నాడన్నమాట!

"మరి మీరు పైకి రాకపోవడం ఎవరి వల్ల?"

చెల్లెలు కళ్ళు మూసుకుంది. ఇప్పుడు కుర్చీ అంటాడు, నడుమంటాడు, అయిపోయింది.

ఆయన నేలవంక చూశాడు. "నన్నెవరూ ఆపలేదమ్మా. హెడ్ కట్టరుగా రమ్మని నాన్నగారు రెండుసార్లు అడిగారు, రెండుసార్లూ వద్దన్నాను. ఆ కుర్చీలో ఉంటే మనుషుల్ని పనిలోంచి పంపించే మాట నేనే చెప్పాలి. నాకంత గుండె లేదు. ఇక్కడే ఉన్నానంటే... ఉండాలనుకునే ఉన్నా. నా వల్లే."

యజమానురాలు పుస్తకం మూసి ఆయన చేతిలో పెట్టింది.

"హెడ్ కట్టరు మీరే. పంపించే పని మీకొద్దు. ఇకనుంచి ఎవరి తప్పు వాళ్ళే ఇందులో రాసుకోవాలి. రాసినవాళ్ళని ఒక్కమాట అనను. దాచినవాళ్ళ సంగతి నేను చూసుకుంటా."

సాయంత్రం అయ్యేసరికి పుస్తకం చుట్టూ జనం. ఇస్త్రీ చేసేవాడు తాను కాల్చిన రెండు చొక్కాలు రాశాడు. కాజాలు కుట్టే ఆమె ఒకటి రాసి, "మొన్నటిది కూడా రాయనా?" అని అడిగి మరీ రాసింది. చెల్లెలు పొద్దుటి కంగారులో తిరగేసి కుట్టిన కాలర్లు మూడూ రాసింది. ఒకరిని చూసి ఒకరికి ఉత్సాహం పుట్టి, పేజీ నిండి పక్క పేజీకి పాకింది.

సాకులాయన కళ్ళజోడు పెట్టుకుని పై నుంచి కిందికి చదివాడు. మళ్ళీ చదివాడు. మొహం పాలిపోయింది.

"ఏంటే ఇది? ఒక్క రోజులో ఇన్ని తప్పులా?"

"రోజూ ఇన్నే అన్నయ్యా."

"ఇరవై ఆరేళ్ళు వీటన్నిటికీ నేనొక్కణ్ణే సాకులు వెతికానా!" అని కుర్చీలో కూలబడ్డాడు. "కనీసం ఒక అసిస్టెంటునైనా ఇవ్వాల్సింది కదే నాకు!"