పాలపొడి డబ్బాలో సరిహద్దు

ఇప్పుడు మేముంటున్న కమ్మింగ్ ఊళ్ళో, ఇంటి దగ్గరి మొక్కల దుకాణంలో తడిమట్టి వాసనకు మనసు ఎటో పోయింది. డ్రసీనా అని చీటీ తగిలించిన కుండీ ముందు ఆగిపోయాను. కిలిమంజారో కొండ వాలులో దాని పేరు ఇసాలె. నా తొమ్మిదో ఏట నేను పీకేసిన మొక్క అదే.

నాన్న అక్కడి పల్లెలో లెక్కల మాస్టారు. కాఫీ పూలు విరగబూసి ఊరంతా ఘుమఘుమలాడే రోజులు, అరటికాయలూ మాంసమూ కలిసి ఉడికే కుండల ఆవిరి, పొలాల మధ్య పారే సన్నటి కాలవలు, వాటిని దూకుతూ సాయంత్రం దాకా మా పరుగులు, ఇవన్నీ ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టున్నాయి. అక్కడ పొలాలకు గట్లుండవు, ఇసాలె మొక్కల వరసే హద్దు. అది మాకేం తెలుసు? వినాయక చవితికి ఇరవై ఒక్క రకాల పత్రి ఎక్కడ దొరుకుతుందా అని అమ్మ సతమతమవుతుంటే, పక్కింటి నేమా అత్త పొలం మూలనుంచి ఒక మొక్కను బలమంతా పెట్టి లాక్కొచ్చాను. అత్త అని పిలవమని అమ్మే నేర్పింది. పూజయ్యాక ఆ మొక్కను అమ్మ పాలపొడి డబ్బాలో నాటింది.

నేమా అత్తకు భర్త లేడు. వానలు మొదలయ్యాక ఆమె బావగారు, మొక్కల వరస అంతటితో ఆగింది కాబట్టి మూలనున్న కాఫీ చెట్లన్నీ తనవేనని అడ్డం తిరిగాడు. ఆమె పిల్లల చదువులు ఆ చెట్లమీదే నడుస్తున్నాయి. తీర్పు చెప్పాల్సిన ఊరిపెద్ద చూస్తే ఆ బావగారికి సొంత చిన్నాన్న. ఇక తన మాట ఎవరు వింటారని ఆమె మా వాకిట్లో కూలబడి ఏడ్చింది.

అమ్మ డబ్బా వైపు చూసింది, నా వైపు చూసింది.

"పత్రి తెమ్మంటే సరిహద్దు పీక్కొచ్చావటే!"

ఆ పెద్దకు కోపమొస్తే ఊళ్ళో మాకు నిలువ నీడ కూడా ఉండదని తెలిసీ, భయపడుతూనే, ఒక చేత్తో డబ్బా, ఇంకో చేత్తో నన్ను పట్టుకుని పంచాయితీకి నడిచింది.

ఆ ముసలాయనను తలచుకుంటే ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. నన్ను కసురుకోలేదు. నేను చూపించిన చోట తనే వంగి తవ్వితే, తెగిన వేరు ముక్క బయటపడింది. మొక్కను మళ్ళీ అక్కడే నాతో నాటించాడు. తర్వాత ఒక ఆకు కోసి, ముడివేసి, తన అన్న కొడుకైన ఆ బావగారి చేతిలో పెట్టాడు. ముడివేసిన ఇసాలె ఆకిచ్చి క్షమించమంటే కాదనకూడదు, అది అక్కడి కట్టుబాటు. అతను తల దించుకుని ఇచ్చాడు, నేమా అత్త తీసుకుంది. రెండో ఆకు అమ్మ ఇచ్చింది. నేమా అత్త నవ్వేసి నా బుగ్గ గిల్లింది. ఎంత పెద్ద మనసులు వాళ్ళవి!

ఆ పెద్దాయన ఇప్పుడు లేడు. ఆ కాఫీ తోటల్లో కొండెక్కే యాత్రికుల హోటళ్ళు లేచాయట. ఇక్కడేమో పక్కింటి శ్రీలత వాళ్ళతో మాకు ఫెన్స్ గొడవ. "లాయర్‌తో ఒక్క లెటర్ పంపిస్తే వాళ్ళే సైలెంట్ అయిపోతారు" అంటాడు మా ఆయన. కొత్త ఫెన్స్ అడుగు మేర వాళ్ళ వైపు జరిగిందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

కుండీ ఇంటికి తెచ్చి, ఆకు కోసి ముడివేశాను. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళడానికి అమ్మ లేదు. ఒక్కదాన్నే వెళ్ళి బెల్ కొట్టాను.

శ్రీలత ఆకు అందుకుని, "ఏంటక్కా, పూజేమైనా ఉందా?" అంది.

"పూజ కాదు శ్రీలతా, ఫెన్స్ మేమే జరిపాం."