మార్కండయ్య ఎర్ర పోగు

కొత్తవాడలో జంపఖానాల హోల్‌సేల్ గోదాం తలుపు తీసేసరికే షహజాదీ గుమ్మం పక్కన కాళ్లు చాపుకొని కూర్చునేది. ఒళ్లో రంగురంగుల దారపు ఉండలు, చేతిలో గోనెసంచులు కుట్టే పెద్ద సూది. వచ్చిన ప్రతి జంపఖానా మూలకూ దాన్ని నేసినవాళ్ల రంగు పోగు కుట్టి, దారం పంటితో కొరికి, ఆ మూలను అరచేత్తో ఒకసారి నిమిరేది. సేటు కేకలేసినా, బయట లారీ హారన్ కొట్టినా ఆ నిమరడం మాత్రం తప్పేది కాదు. ఒక్కో నేతగాడికి ఒక్కో రంగు. ఎంత పెద్ద దొంతరలోనైనా మూల చూస్తే చాలు, సరుకెవరిదో తెలిసిపోయేది.

ఎమర్జెన్సీ ఏడాది నేతగాడు మార్కండయ్య చనిపోయాడు. అతని ఎర్ర పోగును నేతగాళ్లలో కొత్తగా చేరిన పర్శరాములుకు ఇచ్చెయ్యమన్నాడు సేటు. షహజాదీ సూది కింద పెట్టింది.

"ఆయన మాలు ఇంక లోపలున్నది సేటూ. ఒక్కటున్నా ఆ రంగు ఆయనదే."

"సచ్చిపోయినోనికి రంగేంది?"

"రేపు ఏదన్న వాపసొస్తే ఎవలిదని చెప్పాలె? ఆయన పేరు ఖరాబు చెయ్య నేను."

సేటు గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. మార్కండయ్య సరుకు అయిపోయేదాకా పర్శరాములు సరుకుకు ఎవరిదీ కాని తెల్ల పోగే పడింది.

దీపావళి ముందు మార్కండయ్య నేసిన చివరి జంపఖానా లారీ ఎక్కింది. హమాలీని ఆపి, దాని మూల నిమిరి పంపింది షహజాదీ. లారీ మలుపు తిరిగాక పర్శరాములును పిలిచి, అతని జంపఖానాకు ఎర్ర పోగు కుట్టింది.

"జర పైలం తమ్మీ. ఈ రంగు మీద ఇప్పటిదాంక ఒక్కటి సుత వాపసు రాలే."