ఊదారంగు నాలుకలు

మా తమ్ముడు పుట్టిన కొత్తల్లో జువ్వలదిన్నెలోని మా ఇంట్లో రోజూ సొరచేప వాసనే. బాలింతకు పాలు పడాలంటే సొర పెట్టాల్సిందే. ఆ వంట మా జేజిది, అంటే నాన్నను కన్న తల్లిది. ఇంకొకరిని పొయ్యి దగ్గరికి రానిస్తే ఆమె మా జేజి ఎందుకవుతుంది!

నెల తిరగకముందే తమ్ముడి నాలుక మీద తెల్లగా పూత లేచింది.

"పాలు చిక్కనైపోయి నాలిక్కి పేరుకుంటా ఉండాయి. సొర ఆపేస్తే సరి" అని జేజి తీర్పు చెప్పేసింది.

ఆ రోజు నుంచి అమ్మకు చారన్నమే. పైగా జేజి తడిగుడ్డ వేలికి చుట్టుకుని, పూటపూటా ఆ తెలుపును రుద్దేది. పూత పోలేదు సరికదా, కింద నెత్తురు చెమ్మ కనిపించింది. వాడు రొమ్ము అందుకున్నట్టే అందుకుని, నొప్పికి ఏడ్చి వదిలేసేవాడు. రానురాను ఏడ్చే ఓపిక కూడా పోయింది. వాడు మాకు దక్కడేమోనని నాకు భయమేసేది.

చివరికి అమ్మే నోరు విప్పింది. "అత్తా, బిడ్డను బోగోలు ఆసుపత్రికి ఎత్తకపోతా."

అమ్మ జేజికి ఎదురుచెప్పడం నేనెరిగి అదే మొదలు. జేజి విసురుగా లేచింది. తానే పిల్లవాణ్ణి భుజాన వేసుకుని ముందు నడిచింది.

బోగోలులో నర్సమ్మ వాడి నోరు తెరిచి చూసింది. "ఇది పాలు కాదు, నోటి పూత. రుద్దొద్దు. తల్లిని కడుపునిండా తిననీయండి" అని, దూదిని ఊదారంగు మందులో ముంచింది. జేజి ఆమె చెయ్యి పట్టేసుకుంది.

"ముందు నాకు పెట్టమ్మా."

నర్సమ్మ నవ్వింది. జేజి మాత్రం కళ్లు గట్టిగా మూసుకుని నాలుక చాపింది. కాసేపు కూర్చుని, తనకేమీ కాలేదని నమ్మకం కుదిరాకే పిల్లవాణ్ణి ఇచ్చింది. నర్సమ్మ వాడి నోటికీ, అమ్మ రొమ్ములకూ ఆ మందే పూసింది.

ఇంటికొచ్చాకా అదే వరస. వాడికి మందు పూసే ప్రతిసారీ జేజి ముందు తన నాలుకకు రాసుకునేది. నేరేడుపండ్లు తిన్నదానిలా ఆ నోరేసుకుని తిరుగుతుంటే వీధి ఆడవాళ్లు ఆటపట్టించేవాళ్లు. వాళ్లకు పడాల్సిన తిట్లు పడేవి.

ఒక పొద్దున తమ్ముడు ఏడవకుండా తాగాడు. గుటకలు నాకు వినిపించాయి. జేజి పొయ్యి దగ్గర నుంచి సొరచేప కూర గిన్నె తెచ్చి, అన్నం కలిపి, ముద్ద అమ్మ నోటికి అందించింది.

"తినుమే. బిడ్డ తాగతా ఉండాడు."

జేజి పెదవులు ఇంకా ఊదారంగులోనే ఉన్నాయి. అమ్మ ఆ ముద్ద మింగి, ఇంకో ముద్దకు నోరు తెరిచింది.